ఓటీపీ అడిగేది మీరే, చెప్పొద్దనేది మీరే

మొన్న మిర్యాలగూడ దిక్కు నుంచి ఒక పెద్దమనిషి మా ఆఫీసుకు వచ్చిండు. చేతిల ప్లాస్టిక్ కవరు, అండ్ల పాస్‌బుక్కు, వడ్ల సెంటర్ల ఇచ్చిన రసీదు. 40 క్వింటాళ్లు అమ్మిండు, 2,389 లెక్కన పైసలు పడ్డయి, పడ్డ మూడో నాడు రాత్రి పదకొండున్నరకు మూడు దఫాలల్ల 86 వేలు లేచిపోయినయి. సంగతేందంటే ఊరి వాట్సాప్ గ్రూపుల 'పీఎం కిసాన్ కొత్త లిస్ట్' అని ఒక ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్ల యాప్ ఎక్కే ఫైలు) వచ్చింది, పంపిన నంబరు ఎవ్వలదో కాదు, ఊర్లనే ఉండే మాజీ వార్డు మెంబరుది, ఇగ అనుమానం ఎందుకొస్తది, నొక్కిండు. ఆ వార్డు మెంబరు ఫోన్ అంతకు ముందే దొంగల చేతిలకు పోయిందని ఊరికి తెలిసేటాలకు ఇంకో రెండొద్దులు పట్టింది.

బ్యాంకుకు పోతే మొదటి ప్రశ్న, ఓటీపీ ఎవ్వలకన్న చెప్పినవా పెద్దాయనా అని. చెప్పలే సారూ అన్నడు. మరి ఫైలు నొక్కింది నువ్వే గద, నీ నిర్లక్ష్యమే, మేమేం జేయలేం అన్నరు. అయిపోయింది. ఒక పంట పైసలకు ఒక్క నిమిషం జవాబు.

గిక్కడనే మాకు మండుతున్నది. ఈ ఏపీకేల కత తెలిసినోళ్లకు ఎవరికైనా తెలుసు, ఫైలు ఇన్‌స్టాల్ కాంగనే మెసేజీలు చదివే పర్మిషన్ అడుగుతది, ఇచ్చినంక బ్యాంకు పంపే ఓటీపీ సీదా దొంగకు పోతది, కొన్నిట్ల అయితే మెసేజ్ వచ్చినట్టు కూడా మనకు కనపడనియ్యదు. ఆ పెద్దాయన నోరు తెరిచి ఎవ్వలకూ ఏం చెప్పలే. ఎవలికీ చెప్పొద్దు అని పదేండ్ల సంది చెప్పిన మాట ఆయన పాటించిండు. అయినా నిర్లక్ష్యం ఆయనదేనంట.

బ్యాంకులోళ్ల వాదన కూడా ఉన్నది, కోట్ల మంది కస్టమర్లు, ఎవరి ఫోన్ల ఏముందో మాకెట్ల తెలుస్తది అంటరు. సరే, ఒప్పుకుందాం. మరి ఆ జనానికి అడగంగనే ఓటీపీ చెప్పే అలవాటు ఎవలు చేసిన్రు?

గ్యాస్ బండ దించాలంటే ఫోన్‌కు వచ్చిన నంబర్ చెప్పాలె, చెప్పకపోతే పిలగాడు బండ మళ్ల ఆటోల ఏస్కొని పోతడు. కరోనా టైముల, 2021 ఫిబ్రవరిల, రేషన్ షాపుల వేలిముద్ర తీసేసి ఓటీపీ పెట్టిన్రు, అప్పుడు ఆధార్‌కు ఫోన్ నంబర్ లింకు లేనోళ్లు సెంటర్ల ముంగట ఎంత పొడుగు లైన్లు కట్టిన్రో నల్లగొండోళ్లకు, పాలమూరోళ్లకు మేం యాది చెయ్యాల్సిన పనిలేదు. పీఎం కిసాన్ ఈకేవైసీకి ఓటీపీ, ఫార్మర్ రిజిస్ట్రీ అంటే ఓటీపీ, మీసేవల సర్టిఫికెట్‌కు ఓటీపీ. నాట్లేసి కలుపుతీసి వేళ్ల గీతలు అరిగిపోయిన ఆడోళ్లకు మిషన్ మీద ముద్ర పడదు, అప్పుడు కూడా ఓటీపీయే. ప్రతి కౌంటర్ల ఒకటే మాట, "అమ్మా నంబర్ వచ్చిందా, చెప్పు జల్ది." అదే కౌంటర్ ఎనుక గోడకు పోస్టర్, ఓటీపీ ఎవ్వలకూ చెప్పకున్రి అని. ఏ ఓటీపీ చెప్పాలె ఏది చెప్పొద్దో చదువుకున్నోళ్లకే సక్కగ తెల్వది, పాలమూరు నుంచి ముంబైకి మట్టిపనికి పోయొచ్చే మనిషికి ఎట్ల తెలుస్తది.

రూల్ లేదా అంటే ఉన్నది. రిజర్వ్ బ్యాంక్ 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం బ్యాంకు తప్పు, కస్టమర్ తప్పు కాకుండ మధ్యల ఎవడో కొల్లగొడితే, మూడు వర్కింగ్ డేసుల చెప్పినోళ్లకు నష్టం సున్నా. పైసలు పోయింది కస్టమర్ నిర్లక్ష్యం వల్లనే అని రుజువు చేసే బాధ్యత కూడా బ్యాంకుదే, కస్టమర్‌ది కాదు. మళ్ల చదువున్రి, రుజువు చెయ్యాల్సింది బ్యాంకు. మరి కౌంటర్ల కూసోని నోటిమాటగ "నీ నిర్లక్ష్యమే" అనుడు ఏ రుజువు కిందికి వస్తది?

ఇంకో ముచ్చట. ఆ 86 వేలు గాలిలకు పోలే, ఏదో ఒక బ్యాంకుల ఏదో ఒక ఖాతాలకు పోయినయి. ఆ ఖాతా ఎవలు తెరిచిన్రు? కేవైసీ ఎవలు చేసిన్రు? మా రైతు క్రాప్ లోన్ రెన్యువల్‌కు పోతే ఆధార్ జిరాక్స్ మసకగున్నదని రెండుసార్లు తిప్పి పంపుతరు, దొంగకు కిరాయికిచ్చిన ఖాతాల రాత్రికి రాత్రి లక్షలు వచ్చిపోతుంటే మాత్రం కండ్లు కనపడవు. అసొంటి ఖాతాలు పట్టనీకి మ్యూల్‌హంటర్ అని రిజర్వ్ బ్యాంకే 2024 డిసెంబర్ల ఒకటి తెచ్చింది. అంటే పట్టొచ్చని వాళ్లకూ తెలుసు. ఆ ఖాతా తెరిచిన బ్యాంకుది నిర్లక్ష్యం కాదంట, రైతుదైతే నిర్లక్ష్యమంట.

2023ల దేశం మొత్తం సైబర్ మోసాలల్ల పోయింది 7,465 కోట్లు, 2024ల 22,845 కోట్లు అని కేంద్రమే పార్లమెంటుల చెప్పింది. ఏడాదిల మూడింతలు. జనాల నిర్లక్ష్యం ఒక్క ఏడాదిలనే మూడింతలైందా? బ్రిటన్‌ల 2024 అక్టోబర్ 7 సంది కస్టమర్ మోసపోయి తానే పైసలు పంపినా 85 వేల పౌండ్ల దాక బ్యాంకులే తిరిగి కట్టాలె, పంపిన బ్యాంకు సగం, అందుకున్న బ్యాంకు సగం. మన దగ్గర అట్ల కట్టమంటే తెల్లారే సరికి ఒక్క దొంగ ఖాతా మిగలదు, కానీ ఎద్దు పుండు కాకికి ముద్దాయె.

సైబర్ మోసాల మీద కాలర్ ట్యూన్ పెట్టిన్రు, మోసపోతే ఫోన్ చెయ్యనీకి 1930 నంబర్ పెట్టిన్రు, మంచిదే. బ్యాంకులు 1600తోటి మొదలయ్యే నంబర్ల నుంచే ఫోన్ చెయ్యాలని 2025 జనవరిల ఆర్డర్ కూడా వచ్చింది, దేవరకొండ బస్టాండ్ల నిలబడి ఆ ముచ్చట తెలిసినోళ్లు చెయ్యి లేపున్రి అంటే ఎన్ని లేస్తయి?

ఆ పెద్దాయన మా దగ్గరికి రాకముందు కంప్లయింట్ ఎక్కియ్యనీకి నెట్ సెంటర్‌కు పోయిండంట. పోర్టల్ తెరిచినంక ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. "తాతా, ఓటీపీ చెప్పు" అన్నడంట పిలగాడు. ఆయన ఫోన్ జేబుల పెట్టుకొని బయటికి నడిచిండు, ఎవ్వలకూ చెప్పొద్దన్నరు గద బిడ్డా అని. పెద్ద కుర్చీలల్ల కూసున్న సార్లూ, మీరే రాన్రి, వచ్చి ఆ నెట్ సెంటర్ మెట్ల మీద ఆయన పక్కన కూసోని, చెప్పాల్నో వద్దో మీ నోటితోని చెప్పున్రి.