నైలాన్ గిటార్‌కి స్టీల్ తీగలు: మావయ్యకీ తమ్ముడికీ తెగని వాదన

గొడవంతా ఒక గిటార్ గురించి. 1970ల మొదట్లో యమహా వాళ్లు జపాన్‌లో చేసిన జి సిరీస్ క్లాసికల్ గిటార్ అది, లోపల లేబుల్ మీద కంపెనీ అప్పటి పేరు నిప్పన్ గక్కి అని ఉంటుంది. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవు నుంచి జపాన్‌కి ఓడలకోడలు పోతున్న రోజుల్లో, ఆ ఓడల్లో పనిచేసే ఒకాయన తెచ్చి మా మావయ్యకి అమ్మాడు. పుట్టడం నైలాన్ తీగలతోనే పుట్టింది. 80ల్లో మావయ్య దాని బ్రిడ్జి (పై చెక్కకి అతికించిన, తీగల్ని పట్టి ఉంచే ముక్క) మార్పించి, తీగల చివరలు బిగించే పిన్నుల కోసం ఆరు రంధ్రాలు వేయించి, స్టీల్ తీగలెక్కించి ఆర్కెస్ట్రాల్లో వాయించాడు. ఇప్పుడు మా తమ్ముడు దాన్ని మళ్లీ నైలాన్‌కి తిప్పాలని పట్టుబట్టాడు. ఇద్దరూ మాట్లాడుకున్నది కొంచెం కత్తిరించి పెడుతున్నాను. బ్రాకెట్లలో ఉన్నవి నా మాటలు.

తమ్ముడు: మావయ్యా, ముందు ఒక్కసారి దాన్ని పక్కనుంచి చూడండి. బ్రిడ్జి వెనకాల చెక్క ఉబ్బింది, ముందు వైపు రంధ్రం దగ్గర లోపలికి దిగింది. స్కేలు అడ్డంగా పెడితే కింద సందు కనిపిస్తోంది.

మావయ్య: కనిపించనీ. నాకు తెలిసి పాతికేళ్లుగా అలాగే ఉంది. ఊడి పడిందా?

తమ్ముడు: ఊడి పడేదాకా ఆగుదామా? క్లాసికల్ గిటార్‌కి మామూలు నైలాన్ సెట్ వేస్తే ఆరు తీగలూ కలిపి లాగేది 40 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. మీరు వేసే 12 గేజ్ (తీగ మందం కొలత) స్టీల్ సెట్ 70 కిలోలు దాటుతుంది. పై చెక్క రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే గొప్ప, దాని కింద విసనకర్ర ఆకారంలో అతికించిన సన్నటి బద్దలు. స్పెయిన్‌లో టోరెస్ అనే గిటార్ల మేస్త్రి 19వ శతాబ్దంలో స్థిరపరిచిన పద్ధతి అది, తేలికైన తీగలకి చెక్క బాగా ఊగాలని చేసిన ఏర్పాటు. పైగా తీగలు చెక్కని తిన్నగా లాగవు కదా, చెక్కకి ఒక సెంటీమీటరు ఎత్తున సాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్నటి పట్టీ) మీద నుంచి లాగుతాయి, అందుకని బ్రిడ్జి ముందుకి తిరగబడాలని చూస్తుంది. ఆ ఉబ్బూ, ఆ గుంటా అందువల్ల వచ్చినవే.

మావయ్య: లెక్కలు బాగానే ఉన్నాయి. నువ్వు పుట్టకముందు విశాఖలో నైలాన్ తీగలు ఎక్కడ దొరికేవో కూడా చెప్పు. ఒక తీగ తెగితే మద్రాసో కలకత్తావో వెళ్లేవాడి చేత తెప్పించుకోవాలి, వాడు తెచ్చేది మూడో తీగో నాలుగోదో వాడికే తెలియదు. స్టీల్ తీగలు హార్మోనియంలు అమ్మే కొట్లో కూడా ఉండేవి. ఇంకోటి, నేను వాయించింది ఎక్కడ? పెళ్లిళ్లలో, వినాయక చవితి పందిళ్లలో. పక్కన డోలక్, కాంగో, వెనకాల జనరేటర్. ఉన్న ఒక్క మైకూ పాడేవాళ్ల దగ్గరుండేది. అక్కడ నైలాన్ తీగ మీటితే నాకే వినపడేది కాదు.

తమ్ముడు: అప్పటి అవసరాన్ని నేను తప్పు పట్టడం లేదు. ఇప్పుడా అవసరం లేదు కదా అంటున్నాను.

మావయ్య: అసలు నైలాన్‌కి తిప్పడమంటే ఏదో మూలానికి వెళ్లినట్టు మాట్లాడుతున్నావే, నీ నైలాన్ వయసెంత? ఆ టోరెస్ గిటార్లకి వేసింది పేగు తీగలు. రెండో ప్రపంచ యుద్ధంలో పేగంతా ఆపరేషన్ల కుట్లకి పోతే తీగలకి కరువొచ్చింది. అప్పుడు న్యూయార్క్‌లో ఆగస్టీన్ అనే గిటార్ల మేస్త్రి నైలాన్‌తో తీగలు చేయడం మొదలుపెట్టాడు, స్పెయిన్ గిటార్ విద్వాంసుడు సెగోవియా వాటిని పట్టుకుని ఊరూరా వాయించాడు. అంటే మీ శుద్ధ సంప్రదాయానికి ఎనభై ఏళ్లు. తీగ మారితే గిటార్ అపవిత్రమైపోతుందా?

తమ్ముడు: మంచి మాటన్నారు, కానీ అది నా వైపే పనిచేస్తుంది. పేగు పోయి నైలాన్ వచ్చినా చెక్క మీద బరువు పెద్దగా మారలేదు, అందుకే పాత గిటార్లు అలాగే నిలబడ్డాయి. నా గొడవ పవిత్రత గురించి కాదు మావయ్యా, కిలోల గురించి.

(ఈ పాయింటు తమ్ముడిదే. మావయ్య కూడా ఒక్క క్షణం కళ్లజోడు తుడుచుకున్నాడు. కానీ ఆయన దగ్గర సరుకు అయిపోలేదు.)

మావయ్య: కిలోల గురించే మాట్లాడదాం. ఇటలీ మేస్త్రి స్ట్రాడివారి చేసిన వయొలిన్లు కోట్లకి కొంటారు కదా. ఆయన 1737లో పోయాడు. ఆ తరవాతి వాళ్లు వాటి మెడలు మార్చారు, వెనక్కి వంచి పొడుగు చేశారు, లోపల పై చెక్కకి ఆసరాగా ఉండే బేస్ బార్ అనే బద్ద పీకి లావుది వేశారు, పోయిన శతాబ్దంలో పై తీగ స్టీల్‌ది చేశారు. ఇదంతా పెద్ద హాళ్లలో గట్టిగా పలకాలనే. ఇవాళ కచేరీల్లో వినే స్ట్రాడివారి ఏదీ ఆయన చేతిలోంచి వచ్చినట్టు లేదు. వాటిని ఎవడైనా పాడుచేశారంటాడా? నేను చేస్తే మాత్రం పాడు చేసినట్టా?

తమ్ముడు: మీరే చెప్పారు చూడండి, లోపల బేస్ బార్ లావుది వేశారు అని. మోసే భాగాన్ని ముందు బలపరిచి తరవాత బరువు పెంచారు. వయొలిన్ పై చెక్క కమాను తిరిగి ఉంటుంది, కింద సౌండ్ పోస్టు అనే చిన్న కర్ర నిలబడి ఉంటుంది, తీగలు వెనకాల టెయిల్‌పీస్ అనే విడి ముక్కకి కట్టి ఉంటాయి. మన గిటార్‌ది పలక, తీగలు ఆ పలకకి అతికించిన బ్రిడ్జినే పట్టుకుని లాగుతాయి. మీ వడ్రంగి లోపల ఏం మార్చాడు? నేను ఫోన్ కెమెరా లోపలికి పెట్టి చూశాను. ఏమీ మార్చలేదు. ఒకడెక్కాల్సిన నిచ్చెన మీద ఇద్దర్నెక్కించాడు, అంతే.

మావయ్య: అమెరికాలో మార్టిన్ కంపెనీ వాళ్లు మాత్రం ఏం చేశారు? ఎక్స్ ఆకారం బద్దలు వాళ్ల దగ్గర 1840ల్లోనే ఉన్నాయి, పేగు తీగల కాలంలోనే. జనం స్టీల్ అడిగారు, ఎక్కించారు.

తమ్ముడు: ఊరికే ఎక్కించలేదు. 1922లో 2-17 మోడల్‌ని స్టీల్ తీగలకని బద్దలు గట్టిగా వేసి చేశారు, ఆ తరవాత ఒక్కో మోడల్‌నీ అలా మార్చుకుంటూ వచ్చారు. అంతకు ముందు పేగు కోసం చేసిన మార్టిన్లకి ఇప్పుడు మామూలు స్టీల్ సెట్ వెయ్యొద్దనే మేస్త్రీలు చెప్తారు. అంత దూరం ఎందుకు, మన యమహా సంగతే చూడండి. స్టీల్ తీగల ఫోక్ గిటార్ కావాలనుకున్నప్పుడు 1966లో ఎఫ్‌జి 180 అని వేరే గిటారే చేశారు. ఉన్న క్లాసికల్‌కే తీగలు మార్చి అమ్మితే వాళ్లకి ఎంత ఖర్చు కలిసొచ్చేది! ఎందుకు చెయ్యలేదంటారు?

మావయ్య: అదే యమహా వాళ్లు అంతకు ముందు డైనమిక్ గిటార్లని చేశారు, తెలుసా? చూడ్డానికి క్లాసికల్‌లాగే ఉండేవి, నైలాన్ అయినా స్టీల్ అయినా వేసుకోవచ్చనేవాళ్లు.

తమ్ముడు: అవి మొదట్నుంచీ రెండింటికీ అనుకుని చేసినవి. ఇది ఆ సిరీస్ కాదు కదా.

మావయ్య: సరే, మన పాలకొల్లు శ్రీనివాస్‌ని తీసుకో. మాండొలిన్ ఉన్నది ఉన్నట్టు ఉంచాలని ఆయన కూర్చుంటే కర్ణాటక సంగీతంలోకి మాండొలిన్ వచ్చేదా? వాయించేవాడి కోసం వాద్యం మారాలిరా, మ్యూజియం కోసం కాదు.

తమ్ముడు: ఆయనది ఎలక్ట్రిక్ మాండొలిన్. శబ్దం తీగ ఊపుని కరెంటుగా మార్చే పికప్ నుంచి వస్తుంది, పలచటి చెక్క ఊగాల్సిన పని లేదు. అదీగాక నాలుగు జతల తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. తగ్గించారు మావయ్యా, పెంచలేదు.

(ఇది కొంచెం తెలివి జవాబు. మావయ్య అడిగింది వాద్యాన్ని మార్చే హక్కు గురించి, వీడు చెప్పింది తీగల లెక్క. కానీ మావయ్య నవ్వేశాడు కాబట్టి ఆ ముక్క అక్కడితో పోయింది.)

మావయ్య: నీకు దాని పలుకు నచ్చదా?

తమ్ముడు: నిజం చెప్పనా? కింది మూడు తీగలూ బొంగురుగా ఉన్నాయి. పై తీగలు మోగుతాయి కానీ వెంటనే చచ్చిపోతాయి, చెక్క ఇప్పటికే బిగుసుకుపోయి ఉంటే ఇంకేం ఊగుతుంది? పన్నెండో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర ఆరో తీగ ఐదు మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది. మెడ వంపు సరిచేసే ఇనుప కడ్డీ, ట్రస్ రాడ్, దీని లోపల లేదు, తిప్పి సరిచేద్దామంటే తిప్పడానికేమీ లేదు. ఆ ఎత్తులో స్టీల్ తీగ నొక్కడం ఎంత నరకమో మీ వేళ్లకే తెలుసు. అదే నైలాన్‌కైతే నాలుగు మిల్లీమీటర్లు మామూలు ఎత్తు, సాడిల్ కొంచెం అరగదీస్తే అక్కడికొచ్చేస్తుంది. అంటే మెడ ఇలా వంగినా ఇంకా హాయిగా వాయించుకోగలిగేది నైలాన్‌తోనే.

మావయ్య: బొంగురు అన్నావే, ఆ బొంగురుకే నన్ను పిలిచేవాళ్లు. ఆ పలుకు వేరే ఏ గిటార్‌లోనూ రాదు. నైలాన్ పలుకు కావాలంటే బజార్లో కొత్తది కొనుక్కో, ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయి. ఇలాంటిది ఇంకోటి చూపించు. ఇంకో మాట విను. నువ్వు రిపేరంటున్నావు, అది ఇంకో ఆపరేషన్. బ్రిడ్జి వేడి చేసి ఊడదీయాలి, ఊడేటప్పుడు కింద స్ప్రూస్ చెక్క పేళ్లు లేస్తాయి. ఆరు రంధ్రాలు పూడ్చాలి, కొత్త బ్రిడ్జి చేయించాలి. మొదటి వడ్రంగి చేసిన దెబ్బకి రెండో వడ్రంగి దెబ్బ మందా? ఇంతా చేస్తే ఆ ఉబ్బు పూర్తిగా దిగుతుందని నువ్వు రాసివ్వగలవా?

(ఇక్కడ నేను మావయ్య వైపు. పాత వస్తువుని అసలు రూపానికి తెస్తామని విప్పిన వాళ్ల చేతుల్లో పోయినవి తక్కువేం కాదు. ఏళ్ల తరబడి వంగిన చెక్క బరువు తీసేయగానే తిన్నగా అవుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. తమ్ముడు కూడా ఇవ్వలేదు.)

తమ్ముడు: రాసివ్వలేను. కానీ బ్రిడ్జి ఊడదీయమని నేనెప్పుడన్నాను? చివర గుండు ఉన్న నైలాన్ తీగలు దొరుకుతాయి ఇప్పుడు. ముడి వేయక్కర్లేదు, ఇవే రంధ్రాల్లో ఇవే పిన్నులతో పట్టేస్తాయి. కొత్తగా ఒక్క రంధ్రం పడదు. మీ వడ్రంగి పని మీ వడ్రంగి పనిగానే ఉంటుంది.

మావయ్య: సాడిల్ ఏటవాలుగా ఉంది. స్టీల్ కోసం బేస్ వైపు వెనక్కి జరిపి కోయించాను. దాని మీద నైలాన్ వేస్తే పై ఫ్రెట్లలో శ్రుతి నిలుస్తుందా?

తమ్ముడు: లావు తీగలు కాస్త తగ్గి పలకొచ్చు. సాడిల్ అంచుని ఒక్కో తీగ దగ్గరా ముందుకో వెనక్కో అరగదీసి కొంత సర్దొచ్చు. ఎంత వస్తే అంత.

మావయ్య: నా మాట కూడా విను. 12 తీసేసి 10 గేజ్ వేద్దాం, రెండు ఫ్రెట్లు దించి శ్రుతి చేద్దాం, పాడేటప్పుడు రెండో ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే బిగింపు) పెట్టుకుంటాను. బరువు ఎంత తగ్గుతుందో నువ్వే లెక్కెయ్యి.

తమ్ముడు: 10 సెట్ 60 కిలోల దగ్గరుంటుంది. రెండు ఫ్రెట్లు దించితే అందులో ఐదో వంతు పోతుంది. 48 అనుకుందాం.

మావయ్య: నలభైకీ నలభై ఎనిమిదికీ అంత తేడానా?

తమ్ముడు: డెబ్బైకన్నా చాలా నయం. కాదనను. కానీ మీరు దించి ఉంచుతారన్న నమ్మకం నాకు లేదు. హార్మోనియం ఆయన వచ్చి శ్రుతి కలవలేదంటే చాలు, పైకి బిగించేస్తారు.

మావయ్య: అది మాత్రం నిజం.

తమ్ముడు: అందుకే ముందు నైలాన్ చూద్దాం అంటున్నాను. ఒక నెల ఉంచుదాం. నచ్చకపోతే మీ 10 గేజ్ నేనే ఎక్కిస్తాను.

మావయ్య: నట్ (మెడ పై చివర తీగలు ఆనే గాట్ల పట్టీ) ముట్టుకోకూడదు. స్టీల్‌కి కోసిన గాట్లలో నైలాన్ దిగదు, నువ్వు ఆకురాయి తీసుకుని వెడల్పు చేసేస్తావు, రేపు మళ్లీ స్టీల్ వేస్తే ఆ గాట్లలో తీగ గడగడలాడుతుంది. కొత్త నట్ చేయించు, పాతది పిన్నులతో పాటు డబ్బాలో ఉంచు.

తమ్ముడు: సరే. నట్‌కీ తీగలకీ కలిపి ఎంతవుతుందో కనుక్కుంటాను, డబ్బులు...

మావయ్య: గిటార్ నాది, పంతం నీది. తీగలు నువ్వే కొను.