సిద్ధించని అంతం గల థియరీ గారికి

ముగియని కథ ముందు ముందు ఎలా నడుస్తుందోనని అభిమాన పాఠకులు అల్లుకునే ఊహలైన మహారాజశ్రీ ఫ్యాన్ థియరీ గారి సముఖమునకు ఒక పాత పాఠకుడు వ్రాసుకొను విన్నపము.

ఇక్కడ నేనూ, నా అలమరలోని రెండు లావుపాటి పుస్తకాలూ, వాటి పక్కన మూడో పుస్తకం కోసం ఏళ్ల తరబడి వదిలి ఉంచిన మూడంగుళాల ఖాళీ స్థలమూ క్షేమం. అక్కడ మీరూ, మీకు పుట్టిన పిల్ల థియరీలూ, వాటిని ఖండించడానికి బయలుదేరి చివరికి వాటితోనే వియ్యమందుకున్న ఎదురు థియరీలూ క్షేమమని తలుస్తాను.

మిమ్మల్ని తెలుగులో ‘అభిమాన సిద్ధాంతం’ అని గౌరవంగా సంబోధిద్దామనే కలం పట్టుకున్నాను. అయితే ముందు పూర్వపక్షాన్ని నిలబెట్టి, దాన్ని ఖండించి, ఆ ఖండన మండనాల తరువాత తేలినదాన్నే మన తర్కశాస్త్రం సిద్ధాంతమన్నదనీ, అంతం సిద్ధించనిదాన్ని ఆ పేరుతో పిలిస్తే పండితులు నొచ్చుకుంటారనీ గుర్తొచ్చి మానుకున్నాను. నాకు తెలిసినంత కాలంలో మీరు పూర్వపక్షం గడప దాటి లోపలికి రాలేదు. పైగా ఆ గడప మీదే మకాం పెట్టి, దానికి ఇంటి నంబరు కూడా వేయించుకున్నారు.

మన పరిచయం పాట్రిక్ రాత్‌ఫస్ రాసిన కింగ్‌కిల్లర్ క్రానికల్ నవలల పుణ్యమా అని కలిగింది. మొదటి సంపుటం ‘ది నేమ్ ఆఫ్ ది విండ్’ 2007లోనూ, రెండోది ‘ది వైజ్ మ్యాన్స్ ఫియర్’ 2011 మార్చిలోనూ వచ్చాయి. తన కథ మొత్తం మూడు రోజుల్లో చెబుతానని మాటిచ్చి కూర్చున్న కథానాయకుడు క్వోత్ రెండో రోజు కథ ముగించి పడుకున్నాడు. మూడో రోజు ఇంతవరకూ తెల్లవారలేదు. ఈ సుదీర్ఘమైన రాత్రి పొడవునా కునుకు లేకుండా, లాంతరు పట్టుకుని, ఎవరూ అడగకపోయినా గస్తీ తిరుగుతున్నవారు మీరు.

ఆ లోకపు విద్యాపీఠంలో నేర్పే ఒక మంత్రవిద్య పేరు సింపతీ. మన ఎన్నికల్లో అభ్యర్థులను గట్టెక్కించే సింపతీ వేరు, ఇది వేరు. ఇది భౌతికశాస్త్రానికి మేనమామ వరసయ్యే విద్య. రెండు ఇనుప నాణేలను మనసులో ముడివేస్తే, ఒకదాన్ని పైకెత్తినప్పుడు ఎవరూ తాకకుండానే రెండోది కూడా లేస్తుంది. కాని రెండింటి బరువూ, ఆ పైన కొంత వడ్డీ బరువూ ఎత్తిన చేతి మీదే పడతాయి. ముడివేసిన వస్తువులు ఒకదాన్నొకటి ఎంత పోలి ఉంటే ముడి అంత గట్టిది, పోలిక తగ్గేకొద్దీ శక్తి దారిలో కారిపోతుంది. శక్తి పుట్టదు, నశించదు. వీటన్నిటికీ కింద పునాదిగా ‘ఆలార్’ అనే మొండి నమ్మకం ఒకటి ఉండాలి: రెండు నాణేలూ ఒక్కటేనని, అవి వేర్వేరుగా కళ్లెదుటే కనిపిస్తున్నా సరే, రెప్పపాటు కూడా సడలకుండా నమ్మగలగాలి.

ఈ లక్షణాలు ఎవరిలోనో బాగా ఎరిగినట్టున్నవే అని మొదటిసారి చదువుతున్నప్పుడే అనిపించింది. మీ వృత్తి రహస్యాన్ని రచయిత ముందే పుస్తకంలో పెట్టేశాడు. ఇనుప నాణేలు దొరకని మన పూర్వులు ఇదే విద్యను బోడిగుండు, మోకాలు అనే రెండు పరికరాలతో అభ్యసించారు. రెండూ నున్నగానే ఉంటాయి కనుక, పోలిక సూత్రం ప్రకారం ఆ ముడి పడి తీరవలసిందే. పడలేదంటే తప్పు మోకాలిది కాదు, మన ఆలార్‌ది.

మీ పనితనానికి ఒక్క ఉదాహరణ చాలు. ఇప్పుడు పేరు మార్చుకుని కోట్ అనే పూటకూళ్లవాడిగా బతుకుతున్న క్వోత్ పడకగదిలో ఒక పెట్టె ఉంటుంది. దానికి ఒక తాళం ఇనుముది, ఒకటి రాగిది, మూడోది కంటికి కనిపించనిది. ఇనుము సంగతి తేలిక, మాయాలోకపు జీవులకు ఇనుము గిట్టదు. రాగి ఎందుకు? విద్యాపీఠంలో పేర్ల విద్యకు, అంటే దేన్నైనా దాని అసలు పేరుతో పిలిచి శాసించే విద్యకు, ఆచార్యుడైన ఎలోడిన్‌ను ఒకప్పుడు మతి తప్పినవాళ్ల భవనంలో బంధించిన గది గోడల్లో రాగి వల ఉంది కనుక, రాగి పేర్ల విద్యను ఆపుతుందన్నారు. రాగి ఆపేది పేరునే అయితే పెట్టెలో ఉన్నది పేరే అయి ఉండాలన్నారు. పేరే అయితే అది క్వోత్ సొంత పేరే అన్నారు. అందుకే అతడు ఇప్పుడు మంత్రం పలికినా సీసా మండలేదు, ఇద్దరు మామూలు సైనికుల చేతిలో తన్నులు తిన్నాడన్నారు. గోడలోని వలతో మొదలై పడకగదిలోని పెట్టె మీదుగా మనిషి ఆత్మ దాకా నాలుగు అంగల్లో చేరుకున్నారు. అంతకన్నా రుచికరమైన వాదం ఇంకొకటుంది. తనకు ప్రాణమైన డెన్నా దగ్గర క్వోత్ ఒకసారి తన పేరు మీద, తన శక్తి మీద, తన ఎడమ చేతి మీద, సదా కదిలే చంద్రుడి మీద ఒట్టు వేస్తాడు. ఒట్టు తీసి గట్టున పెట్టాడు కాబట్టి పేరు పోయింది, శక్తి పోయింది, చేతి వాటమూ పోయే ఉంటుందని మీరు వరసగా లెక్క చెబుతూ రాగా, చంద్రుణ్ణి ఎవరైనా ఎలా పోగొట్టుకుంటారండీ అని నేను అమాయకంగా అడిగాను. చంద్రుడి పేరులో ముక్కను దొంగిలించి పెట్టెలో దాచిన కథ రెండో సంపుటంలోనే ఉందని మీరు నా నోరు మూయించారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని ఒప్పుకుంటాను.

మీరెప్పుడూ తప్పులే చేస్తారని నేననను. క్వోత్ తండ్రి తన భార్యను ఆటపట్టిస్తూ కట్టిన పాటలో చివరి పాదాన్ని గబగబా చదివితే ఆమె దాచుకున్న పుట్టింటి పేరు వినిపిస్తుందని పసిగట్టింది మీ చెవే. అవధానంలో దత్తపది పూర్తి చేసినప్పుడు సభ ఎలా ఊగిపోతుందో ఆ రోజు నేనూ అలాగే ఊగిపోయాను. చిక్కేమిటంటే, ఒక్క పాదం ఫలించింది కదా అని అప్పటి నుంచి మీరు పుస్తకంలో ఎవరు తుమ్మినా అందులో వంశవృక్షం వెతుకుతున్నారు. తరగతి గదిలో ఒక గురువు వెంట్రుకను సంపాదించి, మైనపు బొమ్మలో పొదిగి, బొమ్మ పాదాన్ని దీపానికి చూపించి గురువు పాదాన్ని కాలుస్తాడు క్వోత్. అందుకు కొరడా దెబ్బలు కూడా తింటాడు. మీరు వెయ్యిన్నర పేజీలు దాటిన కథలోంచి ఒక్క వెంట్రుక లాంటి వాక్యాన్ని పీకి, రచయిత బొమ్మ చేసి, ఆయన అరికాళ్ల కింద దివిటీ పట్టుకుని ఏళ్లుగా నిలబడ్డారు. మీకు కొరడా దెబ్బలు వేసే విద్యాపీఠం లేకపోవడం మీ అదృష్టం.

ఇక అసలు ఫిర్యాదుకు వస్తాను. ఈ నవలల్లో సింపతీ ఒక్కటే లేదు. దానికి ఎదురుగా, లెక్కకు లొంగని పేర్ల విద్య ఉంది. గాలికి ఉన్న అసలు పేరు తెలిసినవాడు పిలిస్తే గాలి వస్తుంది. ఆ పేరు పాఠం చెబితే రాదు, సూత్రం రాస్తే దొరకదు, నిన్న పలికినది ఇవాళ నోటికి రాకపోవచ్చు. గాలిని పిలవడం కళ్లారా చూసిన చిన్నారి క్వోత్ ఏం చేశాడో మీకు నాకన్నా బాగా తెలుసు. తనకు వచ్చిన సింపతీతోనే ఆ పని చేయబోయి, ఊపిరితిత్తుల్లోని గాలిని బయటి గాలితో ముడివేశాడు. లోపలి పిడికెడు గాలితో ఆకాశాన్నంతా కదపవలసి వచ్చేసరికి ఊపిరి ఆడక నేల మీద పడిపోయాడు. గురువు బెన్ గాలిని పిలిచి బతికించాడు. అయ్యా, మీ జీవిత చరిత్ర మొత్తం ఆ ఒక్క సన్నివేశంలో ఉంది. లెక్క వచ్చినవాడికి గాలి మీద ప్రేమ పుట్టి, ప్రేమను కూడా లెక్కతోనే నిరూపించబోయి ఊపిరాడక పడిపోవడాన్ని రచయిత మీకు బొమ్మ గీసి చూపించాడు. మీరు దాన్ని చదివి, ఆ ముడిలో ఎంత శక్తి కారిపోయి ఉంటుందో లెక్క కట్టారు. తరువాత పెద్దవాడైన క్వోత్ పేర్ల విద్య నేర్పమని వేధించగా, దూకు అన్నాడు ఎలోడిన్. క్వోత్ నిజంగానే కప్పు మీంచి దూకి పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాడు. అంత తెలివితక్కువ పని తానెన్నడూ చూడలేదన్నట్టు మాట్లాడాడు గురువు. ఇందులో సంకేతార్థం ఉందని మీరు మాత్రం ఇంకా దూకుతూనే ఉన్నారు.

మీకు తగిన సంబంధం వేరే ఇంట్లో ఉందని పెద్దమనిషి తరహాగా చెప్పక తప్పదు. బ్రాండన్ శాండర్సన్ 2006లో మొదలుపెట్టిన మిస్ట్‌బోర్న్ నవలల్లో మంత్రం లోహాల మీద నడుస్తుంది. లోహాన్ని మింగి కడుపులో మండించుకుంటే ఒక్కో లోహానికి ఒక్కో శక్తి, ఇనుము లాగుతుంది, ఉక్కు తోస్తుంది. మొత్తం లోహాలు 16 అయినా తొలి సంపుటం అన్నిటినీ చెప్పదు కనుక, 1869లో మెండలీవ్ తన పట్టికలో ఖాళీ గళ్లు విడిచిపెట్టినట్టూ, వాటిలో ఒకటి 1875లో గాలియంతో నిండినట్టూ, మీరు కూడా గళ్లు గీసుకుని గౌరవంగా బతకవచ్చు. మంత్రం పాఠకుడికి ఎంత బాగా అర్థమైతే, ఆ మంత్రంతో కథలోని చిక్కు విప్పే వీలు రచయితకు అంతగా ఉంటుందని శాండర్సన్ 2007లోనే సూత్రం రాసి పెట్టారు. ఆ ఇంట్లో మిమ్మల్ని పిలిచి పీట వేస్తారు. ఈ ఇంట్లో మాత్రం మీరు గాలికి కొలతలు తీసే దర్జీ.

అయినా మీరు కదలరు, ఎందుకు కదలరో కూడా నాకు అర్థమైంది. కట్టప్ప ఎందుకు పొడిచాడన్న ప్రశ్న మన దగ్గర 2015 జూలై నుంచి 2017 ఏప్రిల్ దాకా ఇంటింటా తిరిగింది. జవాబు తెర మీదికి వచ్చిన రోజే అప్పటిదాకా పుట్టిన థియరీలన్నీ మూకుమ్మడిగా కాలం చేశాయి. ఆ చావు మీరు దగ్గరుండి చూశారు. మూడో పుస్తకం రాకపోతే రచయితకు నష్టం, ప్రచురణకర్తకు నష్టం, నాబోటివాడికి మూడంగుళాల నష్టం, లాభపడేది మీరొక్కరే. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమంటారు మనవాళ్లు. మీరు సోమలింగానికి పెళ్లి చేసి, మనవళ్లకు అన్నప్రాశనాలు కూడా జరిపించారు. నడుమ 2014లో క్వోత్ కథలోనే కనిపించే ఆరి అనే పిల్ల గురించి రాత్‌ఫస్ రాసిన ఒక చిన్న పుస్తకం వచ్చింది. భూగర్భంలో ఒంటరిగా ఉంటూ, వస్తువులను వాటి వాటి చోట్లలో సర్దుకుంటూ, సబ్బు చేసుకుంటూ ఆ అమ్మాయి వారం రోజులు గడపడమే దాని కథ. ఈ పుస్తకం మీకు నచ్చకపోవచ్చునని రచయిత ముందుమాటలోనే హెచ్చరించాడు. ఎంత ప్రశాంతమైన పుస్తకం అది! మీరు ఆ సబ్బు నురగను కూడా వదలకుండా అందులోంచి సృష్టి రహస్యం పిండారు.

నా నేరం కూడా చెప్పుకోవాలి. మొన్న సెలవుల్లో మా అన్నయ్య కూతురికి మాయల ఫకీరు కథ చెబుతున్నాను. ఏడు సముద్రాల అవతల మర్రితొర్రలోని చిలక దాకా వచ్చాను. చిలక కాలు విరిస్తే ఇక్కడ ఫకీరు కాలు విరగాలి. అక్కడ ఆగిపోయాను. చిలకకూ ఫకీరుకూ పోలిక ఏపాటిది, అన్ని సముద్రాల మీదుగా వచ్చేసరికి ఎంత శక్తి కారిపోతుంది, ఆ లెక్కన ఫకీరుకు మహా అయితే కాలు తిమ్మిరెక్కాలి కదా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. అంతసేపూ ఊఁ కొడుతున్న ఆ పిల్ల ఊఁ ఆపేసి, ‘బాబాయ్, చిలకను పట్టుకున్నారా లేదా?’ అంది. మా నాయనమ్మ ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా ఆ చిలక దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు.

అందుచేత తమతో నాకు ఒకే ఒక్క లావాదేవీ మిగిలింది. సింపతీ చేసేవాడికి పక్కన నిప్పు లేకపోతే తన ఒంట్లోని వేడినే వాడుకోవలసి వస్తుందనీ, హద్దు దాటితే చలి కమ్మేస్తుందనీ ఆ పుస్తకాల్లోనే ఉంది. రాగి తాళం మీద నేను నింపిన రెండు నోటు పుస్తకాలూ, చంద్రుడి పేరు మీద మేల్కొన్న రాత్రులూ, ముడులు వేసిన వేడి అంతా నా ఒంట్లోదే. శక్తి నశించదన్నది తమరు పదే పదే చూపించే సూత్రమే కనుక, ఇన్నేళ్లుగా దారిలో కారిపోయిన నా వేడి ఎక్కడ చేరిందో వివరంగా లెక్క రాసి పంపించవలసిందిగా కోరుతున్నాను. మూడో పుస్తకం వచ్చేలోగా అందితే చాలు, తొందరేమీ లేదు.

ఇట్లు,
రెండో రోజు రాత్రి ఇంకా నిద్ర పట్టని
తమ పాత కక్షిదారు