సవరణ: వార్డులో పోయినవాళ్లనే లెక్కపెడితే చాలదు

మానసిక చికిత్సలో ఉన్నవారి మరణాల సమీక్షపై మేం ముందు పెట్టిన పోస్టులో మూడు తప్పులున్నాయి.

"వార్డులో జరిగిన ఆత్మహత్యలు చూస్తే చాలు" అన్నాం. చాలదు. డిశ్చార్జి అయిన తొలి ఒకటి రెండు వారాల్లోనే ముప్పు ఎక్కువ. వరంగల్‌లో చూపించుకుని ములుగు, భూపాలపల్లి వైపు ఊళ్లకు వెళ్లినవాళ్లు చనిపోతే ఆసుపత్రికి కబురే రాకపోవచ్చు. రిజిస్టర్లో "రావడం లేదు" అని ఉండిపోతుంది. కాబట్టి మూడో రోజులోపు ఫోన్ చేయాలి, వారంలోపు మనిషిని చూడాలి, రాని ప్రతి పేరుకూ వాకబు చేయాలి. పత్తి చేలున్న ఇంట్లో పురుగుమందు ఎవరి తాళం కింద ఉందో పంపేముందు అడిగారా? డిశ్చార్జి చీటీ మీద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాశారా? సమీక్షలో ఇవీ చూడాలి.

పోలీసు పంచనామానే సమీక్షగా లెక్కేయడం రెండో తప్పు. అనుమానాస్పద మరణాలపై పోలీసులు చేసే బీఎన్ఎస్ఎస్ (కొత్త నేర విచారణ చట్టం) 194వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీ 174) విచారణ చావు ఎలా జరిగిందో తేలుస్తుంది. రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉన్నారో, మందు ఎందుకు మారిందో అడగదు. అది మన పని. కేస్ షీట్ ఆ రోజే జిరాక్స్ తీసి భద్రపరచాలి. తర్వాత ఏది చేర్చినా తేదీ, సమయం వేసి వేరుగా రాయాలి. ఇంటివాళ్ల మాట తప్పక వినాలి.

మూడోది: తీవ్ర స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజాపిన్ మందు వాడేవారికి రక్తంలో తెల్లకణాల పరీక్ష ఒక్కటే రాశాం. మలబద్ధకం ముదిరి పేగు స్తంభించినా ప్రాణం పోతుంది. విరేచనం లెక్క చార్టులో ఉందేమో చూడండి. సాధారణంగా అదే ఉండదు.