పోర్ట్‌బ్లెయిర్ వెళ్లే ఉద్దానం వారితో నా పేచీ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీర గ్రామాల్లో అండమాన్ రాజధాని పోర్ట్‌బ్లెయిర్‌ను పరాయి ఊరుగా భావించేవారు తక్కువ. పని కోసం విశాఖలో ఓడ ఎక్కి అక్కడే స్థిరపడిన మేనమామో పెదనాన్నో చాలా ఇళ్లలో ఉంటారు. 2024 సెప్టెంబరులో కేంద్రం ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చినా, కవిటిలోని మా ఇంట్లో ఇంకా పాత పేరే నడుస్తోంది. ఇంత చుట్టరికం ఉండి కూడా, వెళ్లివచ్చిన మనవారు ఫోన్లలో చూపించేవి హేవ్‌లాక్ దీవి ఇసుకతిన్నెలూ నీటి ఆటలూ మాత్రమే. బ్రిటిష్‌వారు స్వాతంత్ర్య యోధులను బంధించిన సెల్యులార్ జైలు మాట ఎత్తితే, సాయంత్రం లైట్ల ప్రదర్శన బాగుందని చెప్పి ఊరుకుంటారు.

మొదటిసారి నేనూ అంతే. ప్యాకేజీ బస్సాయన జైలుకు ముప్పావుగంట ఇస్తే, అందులో సగం ఫొటోలకే పోయింది. రెండోసారి మామయ్యతో ఒక పూటంతా అక్కడే ఉన్నాను. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ కట్టడానికి నడిమి బురుజు నుంచి బండిచక్రపు ఆకుల్లా ఏడు విభాగాలు ఉండేవి; ఒక విభాగపు గదుల ముందువైపు పక్క విభాగపు వెనుకగోడకు ఎదురుగా ఉండటంవల్ల, ఖైదీకి మరో ఖైదీ ముఖం కనిపించేది కాదు. ఇప్పుడు మిగిలినవి మూడే.

అక్కడ నన్ను కదలనివ్వనిది గానుగ. ఖైదీ ఎద్దులా తిరిగి రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె, అంటే పదమూడు కిలోలకు పైగా, తీయవలసి వచ్చేది. లెక్క తగ్గితే శిక్ష తప్పేది కాదు. కొందరికి కొబ్బరి పీచు కొట్టే పని. 2018లో తిత్లీ తుపానుకు కొబ్బరిచెట్లు కూలినప్పుడు ఇంటిమనిషి పోయినట్టు ఏడ్చిన ఊరు మాది. మాకు అన్నం పెట్టే కాయతోనే అక్కడ మనుషుల్ని నలిపారన్నది ఉద్దానం మనిషికి తగిలినంతగా ఇంకెవరికీ తగలదేమో. అల్లూరి విగ్రహాలకు దండలు వేసే మనవారిలో ఎందరు ఆయన అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించాడనీ, తరువాత మొదటి లోక్‌సభలో విశాఖ సభ్యుడయ్యాడనీ పిల్లలకు చెబుతున్నారు?

ఇక మానవశాస్త్ర మ్యూజియం. అక్కడి ఆదివాసులైన జరావాల అడవి గుండా పోయే బస్సులో కిటికీకి అతుక్కుపోయి, జంతువులను వెతికినట్టు మనుషులను వెతకడం నాకు ఏవగింపు కలిగిస్తుంది. జరావా, ఓంగే, నికోబారీ ప్రజల విల్లంబులు, పడవలు, ఇళ్ల నమూనాలు ఆ మ్యూజియంలో ప్రశాంతంగా చూడవచ్చు. ఎవరి బతుకులోకీ తొంగిచూడనక్కరలేదు.

1883 నాటి చాథమ్ రంపపు మిల్లు, మర్రి ఊడలు మింగేసిన రాస్ దీవి భవనాలు, 1872లో వైస్రాయ్ మేయోను పొడిచి చంపిన షేర్ అలీని ఉరితీసిన వైపర్ దీవి కూడా చూడవలసినవే. వీటన్నిటికీ ఊళ్లోనే రెండు పూర్తి రోజులు కావాలి.

ఈ దసరాకు పిల్లలతో మళ్లీ వెళ్తున్నాం. హేవ్‌లాక్‌కు ఒక్క రాత్రే కేటాయించానని ఇంట్లో అలకలు ఇంకా సాగుతూనే ఉన్నాయి.