ఎనిమిదో తరగతి ఆల్జీబ్రా వారికి ఒక తండ్రి విన్నపం

గౌరవనీయులైన ఎనిమిదో తరగతి ఆల్జీబ్రా వారి సముఖమునకు,

ఫ్రిస్కో, కేరీ, ఆష్‌బర్న్, ఫ్రీమాంట్, ఎడిసన్ మొదలైన అమెరికా పట్టణాలలో కాపురముంటున్న తెలుగు తల్లిదండ్రులలో ఒకడినైన నేను నమస్కరించి చేసుకునే విన్నపం ఏమనగా, ఆరో తరగతిలో అడుగుపెట్టబోతున్న మా అమ్మాయిని ఎనిమిదికల్లా తమరి సన్నిధికి చేర్చే అడ్వాన్స్‌డ్ మ్యాథ్ ట్రాకులో వేయవలసిందని మేము బడివారిని కోరి ఉన్నాము. లెక్కల టీచరు కౌన్సెలర్‌ను అడగమన్నారు, కౌన్సెలర్ ప్రిన్సిపాల్‌ను కలవమన్నారు, ప్రిన్సిపాల్ ఇది స్కూల్ డిస్ట్రిక్టు పాలసీ అని చిరునవ్వు నవ్వారు. పాలసీకి ముఖం లేదు కనుక, ఈ వ్యవహారమంతటికీ మూలమైన తమరికే నేరుగా రాసుకుంటున్నాను. గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ళ తరబడి మారు మాట్లాడకుండా నిలబడగలిగిన మాకు, తమరి వరుసలో మాత్రం ఒక్క సెమిస్టరు కూడా ఓపిక పట్టడం సాధ్యం కావడం లేదని ముందుగానే మనవి చేసుకుంటున్నాను.

తమరి ప్రాముఖ్యం మా భ్రమ కాదు. మనవైపు బడులలో బీజగణితం, రేఖాగణితం, క్షేత్రమితి అన్నీ ప్రతి ఏడూ కొంచెం కొంచెంగా ఒకే పుస్తకంలో వస్తాయి. ఈ దేశపు హైస్కూలులో ఒక ఏడాదంతా ఆల్జీబ్రా వన్, మరో ఏడాదంతా జామెట్రీ, ఆపైన ఆల్జీబ్రా టూ, ఆపైన ప్రీక్యాలిక్యులస్, ఇవన్నీ దాటితే గాని క్యాలిక్యులస్ కంటబడదు. మామూలు క్రమంలో ఆల్జీబ్రా వన్ అయిన తమరు తొమ్మిదో తరగతిలో దర్శనమిస్తారు. అక్కడ మొదలుపెట్టిన పిల్ల పన్నెండో తరగతి ముగిసేనాటికి ప్రీక్యాలిక్యులస్ దగ్గర ఆగుతుంది. ఇంజనీరింగ్ కాలేజీకి దరఖాస్తు పెట్టే పిల్ల కాగితాల మీద క్యాలిక్యులస్ కనిపించాలంటే తమరు ఎనిమిదిలోనే దయచేయాలి. అందుకు ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల లెక్కలను రెండేళ్ళలోకి కుదించే ‘కంపాక్టెడ్’ తరగతిలో ముందే సీటు దొరకాలి. అంటే పదిహేడేళ్ళ వయసులో కావలసిన పని మీద, పాలపళ్ళు ఇంకా పూర్తిగా ఊడని పిల్ల ఐదో తరగతి చివర తేల్చుకోవాలన్నమాట. ఈ నిచ్చెనను మేము కట్టలేదు. కట్టినవారు మెట్లు లెక్కపెట్టుకుని కట్టారు, మేము కూడా మెట్లు లెక్కపెట్టుకుంటున్నాము. ఆ మాత్రానికే మమ్మల్ని పిల్లలను పీడించే జాతిగా చూడటం న్యాయం కాదు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. తమరికి అర్జీలు పెట్టుకుంటున్న తండ్రులలో చాలామంది జిల్లా పరిషత్ హైస్కూలులో, ఊరందరి పిల్లలతో పాటు, ఒకే గదిలో ఒకే పుస్తకం చదువుకున్నవారు. మమ్మల్ని ఎవరూ ఏ ట్రాకులోనూ వేయలేదు. వేయడానికి రెండో ట్రాకే లేదు. ఆ క్యాలిక్యులస్‌లోని అవకలనం పదహారేళ్ళకు ఇంటర్ మొదటి సంవత్సరం 1బి పేపరులోను, సమాకలనం ఆ మరుసటి ఏడాది 2బి పేపరులోను ఎదురయ్యాయి, చేశాము, మరిచిపోయాము, ఉద్యోగాలు తెచ్చుకున్నాము. తోటివారికంటే ఒక ఏడాది ముందు నడవకపోతే బతుకు తెల్లవారదన్న జ్ఞానం మాకు అప్పట్లో లేదు. ఈ మాట మా ఇంట్లో పైకి అంటే, అమెరికా వచ్చాక కూడా పల్లెటూరి మాటలేనా అని మా ఆవిడ కోప్పడుతుంది. ఆమె మాటలోనూ నిజం లేకపోలేదు, ఎందుకంటే ముందస్తు పరుగు మనకేమీ కొత్త విద్య కాదు. హైదరాబాదు నల్లకుంటలో చుక్కా రామయ్య గారి ఐఐటీ కోచింగులో చేరడానికి ఒక ప్రవేశ పరీక్ష ఉండేది. ఆ ప్రవేశ పరీక్షలో నెగ్గించడానికి వేరే కోచింగులు ఉండేవి. నేడు రెండు రాష్ట్రాల కార్పొరేట్ బడులలోనూ ఆరో తరగతి నుంచే ‘ఐఐటీ ఫౌండేషన్’ బ్యాచీలు నడుస్తున్నాయి. కనుక తమరు మమ్మల్ని చెడగొట్టారని అనలేను. మేము సామానుతో పాటు తెచ్చుకున్న అలవాటుకు తమరు ఇక్కడ ఒక చిరునామా మాత్రం ఇచ్చారు.

తమరి గుమ్మం దగ్గర ఉన్న పరీక్షల గురించి రెండు మాటలు. ఒక చోట ‘మ్యాప్’ పరీక్ష. అందులో సరైన జవాబు చెప్పినకొద్దీ తరువాతి ప్రశ్న మరింత కఠినమవుతుంది, అంటే తెలివైన పిల్ల పరీక్ష అయ్యేంతసేపూ తనకేమీ రావడం లేదనే అనుకుంటుంది. మరొక చోట ‘కాగాట్’; అది చదువును కాక సహజ ప్రజ్ఞను కొలుస్తుందట. సహజ ప్రజ్ఞ కోసం మా వీధిలో శని, ఆదివారాలు ట్యూషన్ చెబుతున్నారు. వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో చాలా ఏళ్ళపాటు ఏడో తరగతిలోనే తమరి దర్శనం కావాలంటే ‘అయోవా ఆల్జీబ్రా’ పరీక్షలో 91వ పర్సెంటైల్, దానితో పాటు రాష్ట్ర పరీక్షలో 600కు 500 తెచ్చుకోవలసి ఉండేది. తొంభై ఎందుకు చాలదో, 91లో ఏ మహిమ ఉందో నేను అడగను. కటాఫ్ అనేది వివరించేది కాదు, శిరసావహించేది. అంకె బయటికి చెప్పారు కనుక ఫెయిర్‌ఫాక్స్ వారే నయం. పరీక్ష, టీచరు సిఫారసు, తరగతిలో మార్కులు, ‘సమగ్ర పరిశీలన’ అన్నిటినీ ఒక కుండలో కలిపి, ఏది ఎంత పాలో చెప్పకుండా, శుక్రవారం సాయంత్రం ఆఫీసు మూసే వేళకు పోర్టల్‌లో ఒక ముక్క ఫలితం పెట్టే బడులు కూడా ఉన్నాయి. ఆ ఫలితం చూసిన తండ్రి సోమవారం దాకా ఎవరినీ అడగలేడు. ఆ రెండు రోజులలో మాత్రం అప్పీలు ఎలా రాయాలో, ఏ ఫారం మీద సంతకం పెడితే బడి సిఫారసును తోసిపుచ్చి మన పూచీ మీద పిల్లను పై తరగతిలో వేయించుకోవచ్చో వాట్సాప్ గ్రూపులో నేర్చుకుంటాడు. అలాంటి ఫారం ఉన్న బడులలో ఆ సంగతి మొదటి ఉత్తరంలో ఉండదు, అడిగినవారికే ఇస్తారు. అడగాలని తెలిసినవారు ఎవరో తమరికి నేను చెప్పనక్కరలేదు.

తమరి నిలకడ గురించి కూడా విన్నవించుకోక తప్పదు. కాలిఫోర్నియా 1997లో రాసుకున్న ప్రమాణాల ప్రకారం ఎనిమిదో తరగతికల్లా పిల్లలందరికీ తమరే లక్ష్యం. అదే కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో 2014లో ఎనిమిదో తరగతిలో తమరు ఎవరికీ వద్దని నిర్ణయించింది. పన్నెండు, పదమూడేళ్ళకే పిల్లలను రెండు గుంపులు చేయడం, ఆ గుంపులు చూడబోతే ఒంటి రంగును బట్టి, ఇంటి ఆదాయాన్ని బట్టి ఏర్పడుతుండటం వారిని బాధించింది. ఆ బాధ నిజమైనదే. కాని బడిలో తమరు మాయమైన పదేళ్ళూ ఊళ్ళో మాయం కాలేదు. డబ్బున్నవారు వేసవిలో ఆన్‌లైన్‌లో తమరిని కొనుక్కున్నారు, లేదా ప్రైవేటు బడికి మారారు; గుంపులు రెండుగానే మిగిలాయి, మధ్యలో గోడ మాత్రం బడి లోపలి నుంచి బడి బయటికి జరిగింది. చివరికి 2024 మార్చిలో తమరిని వెనక్కి పిలవాలా అని నగరవాసులను ఓటు అడిగితే ఐదింట నలుగురికి పైగా పిలవమన్నారు. అంతకు ఒక నెల ముందే స్కూలు బోర్డు కూడా దారికి వచ్చింది. ప్రపంచంలో ఇంత మెజారిటీ మరే సమీకరణానికీ వచ్చి ఉండదు.

ఇక బాబ్ మోజెస్ అనే తండ్రిని తమరు మరిచిపోయి ఉండరు. మిసిసిపీలో 1960ల మొదట్లో నల్లజాతివారిని ఓటర్ల జాబితాలో చేర్పించడానికి దెబ్బలు తిని జైలుకు వెళ్ళిన మనిషి. అక్కడ ఓటు కావాలంటే రాష్ట్ర రాజ్యాంగంలో ఒక భాగం చదివి రిజిస్ట్రారుకు తృప్తి కలిగేలా అర్థం చెప్పాలి. ఆ తృప్తి ఎవరి విషయంలో కలగదో అందరికీ తెలుసు. గుమ్మం దగ్గర పరీక్ష అంటే ఏమిటో ఆయనకు వేరే చెప్పనక్కరలేదు. 1982లో ఆయన మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఉండగా, పెద్దకూతురు ఎనిమిదో తరగతిలో చేరింది. ఆ బడిలో తమరు లేరు. లెక్కల మాస్టారిగా పనిచేసిన తండ్రి ఇంట్లో చెబుతానంటే, ఇంట్లో మళ్ళీ లెక్కలా అని ఆ పిల్ల మొండికేసింది. టీచరు పిలవగా ఆయన ఆ తరగతి గదిలోకే వెళ్ళి, కూతురితో పాటు మరికొందరు పిల్లలను కూర్చోబెట్టుకుని తమరిని పరిచయం చేశారు. అదే తరువాత ‘ఆల్జీబ్రా ప్రాజెక్ట్’ అయి ఎన్నో ఊళ్ళకు పాకింది. ఓటు ఎలాంటిదో ఆల్జీబ్రా అలాంటిదని 2021లో పోయేదాకా ఆయన వాదిస్తూనే ఉన్నారు. (తరువాతి కాలంలో అదే కేంబ్రిడ్జ్ మిడిల్ స్కూళ్ళలో అడ్వాన్స్‌డ్ మ్యాథ్ తరగతులను ఎత్తివేసి, తల్లిదండ్రుల గోల పడలేక 2023లో తమరిని తిరిగి రప్పిస్తామని మాట ఇచ్చిందని వింటే ఆయన ఏమనేవారో.)

ఆయన మొదట చేసిన పని అచ్చంగా నేను చేస్తున్నదే కదా అని మురిసిపోయాను: తండ్రి, మిడిల్ స్కూలు చదివే కూతురు, పై తరగతి లెక్కలు. తేడా ఆ ‘మరికొందరు పిల్లల’ దగ్గర వస్తుంది. ఆ మరికొందరి వల్ల మా అమ్మాయికి ఒరిగేదేమిటన్నది మా గ్రూపులో ఎవరికీ బోధపడలేదు. తరగతిలో ముప్ఫై మందీ ముందున్నప్పుడు ముందుండటంలో రుచి ఏముంది? టెక్సస్ 2023లో ఒక చట్టం చేసింది: ఐదో తరగతి రాష్ట్ర పరీక్షలో పై నలభై శాతంలో ఉన్న పిల్లలను, ఎవరూ అడగనక్కరలేకుండానే, ఆరో తరగతిలో అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌లో చేర్చాలి; వద్దనుకున్న తల్లిదండ్రులే వద్దని రాసివ్వాలి. నార్త్ కరొలైనా 2018లోనే, రాష్ట్ర పరీక్షలో అన్నిటికంటే పై స్థాయి అందుకున్న పిల్లలకు పై లెక్కలు చెప్పి తీరాలని శాసించింది. ఈ చట్టాల మీద నా తీవ్ర నిరసనను తమరి ద్వారా నమోదు చేసుకుంటున్నాను. అడగకుండానే ఇచ్చేస్తే అడిగినవాడి శ్రమకు విలువేమిటి? రాత్రి డబుల్ షిఫ్టు చేసి వచ్చే తల్లికి పాలసీ పేజీ వెతుక్కునే తీరిక ఉండదు, ఇంగ్లీషులో అప్పీలు రాసే అలవాటు ఉండదు. అయినా ఆమె కొడుకు మార్కులున్నంత మాత్రాన మా అమ్మాయి పక్కన వచ్చి కూర్చుంటే, ఐదో తరగతి నుంచి ప్రతి శనివారం మేము కారులో తిప్పిన మైళ్ళకు జమాఖర్చు ఎలా సరిపోతుంది?

తమరి దాకా వచ్చే పిల్లల విషయం చివర్లో ప్రస్తావిస్తున్నాను, మా సమావేశాలలో కూడా అది చివరికే వస్తుంది. దేశాధ్యక్షుడు వేసిన గణిత సలహా సంఘం 2008లో ఇచ్చిన నివేదికలో, తమరి తరగతికి తయారు కావాలంటే పిల్లలకు అన్నిటికంటే ముందు భిన్నాలు బాగా రావాలని, అక్కడే ఎక్కువమంది తడబడుతున్నారని రాసింది. భిన్నాలకు పోటీ పరీక్షలోనూ, ఊరి విందులోనూ పేరు రాదు. “మీ అమ్మాయి ఏ మ్యాథ్‌లో ఉందండీ?” అని అడిగిన పెద్దమనిషికి “హారాలు వేరుగా ఉన్న భిన్నాలను ఎందుకు అలా కలుపుతామో దానికి అర్థమైందండీ” అని జవాబిస్తే ఆయన జాలిపడి ట్యూటర్ నంబరు ఇస్తాడు. అందుచేత నిష్పత్తి, అనుపాతం, రుణసంఖ్యలు ఉండే ఏడో తరగతి లెక్కలను వేసవిలో ఆరు వారాలలో దాటించి, x విలువ కనుక్కునే చోటికి పిల్లను చేరుస్తాము. సమీకరణం ఎలా సాధించాలో ఆమెకు వచ్చు. 3/4ను 2/5తో భాగించమంటే మాత్రం నా వైపు చూస్తుంది. అందరికంటే తొందరగా పరుగెత్తి పదకొండో తరగతిలోనే క్యాలిక్యులస్ బీసీ (హైస్కూలు క్యాలిక్యులస్‌లో పై కోర్సు) ముగించిన పిల్లలకు పన్నెండో తరగతిలో బడిలో చెప్పడానికి లెక్కలే మిగలక, కమ్యూనిటీ కాలేజీకి పంపుతున్న ఊళ్ళు కూడా ఉన్నాయని విన్నప్పుడు మా గ్రూపు దిగులుపడలేదు. ఆ కాలేజీ సీట్లకు కటాఫ్ ఎంతో కనుక్కుంది.

కావున తమరు దయతలచి, కటాఫ్ ఎంతో, ఏ పరీక్షకు ఎంత పాలో పరీక్షకు ముందే ప్రకటించేలా బడివారికి చెప్పవలసిందని, ఒకవేళ ప్రకటిస్తే ఆ సంగతి మా గ్రూపుకు మిగతావారికంటే ఒక వారం ముందుగా అందేలా చూడవలసిందని, మా అమ్మాయి లోపలికి వచ్చేదాకా తలుపు అందరికీ తెరిచి ఉండాలన్న వాదనను మేము ప్రతి బోర్డు మీటింగులోనూ మూడు నిమిషాల చొప్పున వినిపిస్తాము గనుక, ఆమె వచ్చిన మరుసటి ఏడాది నుంచి నాణ్యత దృష్ట్యా నిబంధనలను తిరిగి కఠినం చేయవలసిందని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఇంటర్‌లో 2బి పేపరుకు 75కు 75 తెచ్చుకుని, నిన్న రాత్రి కూతురి భిన్నాల లెక్కకు ఫోనులో జవాబు వెతుక్కున్న ఒక తండ్రి