అంబాసిడర్ ఆగిపోయిందంటే కార్బురేటర్ మీదే పడతారేటండీ?

పాత కారు ఉన్నోళ్లందరికీ దండం పెట్టి చెప్తున్నా, ఇంజిన్ మిస్సింగ్ వచ్చినా (అంటే ఏదో సిలిండర్ సరిగ్గా మండక తడబడినా), నడుస్తూ నడుస్తూ టక్కున ఆగిపోయినా ముందుగా కార్బురేటర్ (పెట్రోల్నీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపేది) జోలికి పోకండి. మా విజయనగరంలో ఏ షెడ్డుకి తీసుకెళ్లినా ఒకటే వరస. బానెట్ ఎత్తడం, రెండుసార్లు రైజ్ చేయించడం, "కార్బురేటర్లో చెత్త పట్టేసింది బాబు" అనేయడం, డబ్బాలో పెట్రోల్ పోసి జెట్లు (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రాలు) ఊది మళ్లీ బిగించేయడం. నాల్రోజులు బాగానే నడుస్తాది, ఆ విప్పే హడావిడిలో పక్కనున్న వైరేదో కదిలి సర్దుకుని ఉంటాది కదా, తర్వాత మళ్లీ మొదలు. అప్పుడు "కార్బురేటరే మార్చేద్దాం" అంటారు. అది మార్చాక కూడా ఆగితే పెట్రోల్ పంపు, అది మారిస్తే కాయిల్ (స్పార్క్‌కి హై వోల్టేజీ ఇచ్చేది), ఇలాగ బండిలో సగం సామాన్లు కొత్తవైపోతాయి గానీ జబ్బేటో మాత్రం ఎవడికీ తెలీదు.

మాది మార్క్ ఫోర్ అంబాసిడర్, పెట్రోల్, 1489 సీసీ. ఆ ఇంజిన్ బ్రిటన్లో పుట్టిన పాత డిజైను, అందులో సెన్సార్ లేదు, కంప్యూటర్ లేదు, డాష్‌బోర్డులో వెలిగే చెక్ ఇంజిన్ లైటూ లేదు. సరైన టైముకి స్పార్క్, సరిపడా పెట్రోలూ గాలీ, సిలిండర్లో కంప్రెషన్ (ఆ గాలీ పెట్రోలూ గట్టిగా నొక్కుకోవడం), ఈ మూడూ ఉంటే నడవక చస్తాదా? ఆగిందంటే మూడిట్లో ఒకటి పోయినట్టే, అదేదో కనిపెట్టడానికి కార్బురేటర్ విప్పక్కర్లేదు, ముందు బండి ఎలగ ఆగిందో గుర్తు తెచ్చుకుంటే చాలు. స్విచ్ తీసేసినట్టు ఒక్కసారిగా చచ్చిపోయిందా, చాలావరకు కరెంటు గొడవే. కాసేపు ఈడ్చుకుంటూ, గుటక్ గుటక్ మంటూ, యాక్సిలరేటర్ తొక్కితే ఇంకా నీరసపడుతూ ఆగిందా, అది పెట్రోల్ అందకపోవడం. ఇది వేదం కాదు, తేడాలుంటాయి, కానీ మొదట ఏ వైపు చూడాలో చెప్తాది. మెకానిక్ దగ్గరికెళ్లి "బండి ఆగిపోతోంది గురూ" అని ఊరుకుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు పాపం.

అసలు గోల వేడెక్కాక ఆగే బళ్లతో. మే నెల ఎండలో సాలూరు ఘాట్ ఎక్కుతుంటే సగంలో ఆగిపోద్ది, అరగంట చెట్టుకింద పెడితే ఏమీ ఎరగనట్టు స్టార్టయిపోద్ది. వెంటనే అందరూ చెప్పేది పెట్రోల్ ఆవిరైపోయింది, వేపర్ లాక్, పంపు మీద తడిగుడ్డ వెయ్యి అని. నిజమే, పంపు ఇంజిన్ పక్కనే బోల్టు చేసి ఉంటాది, వేడికి లోపల పెట్రోల్ ఆవిరైతే పంపు గాలే తోస్తాది. కానీ లోపల వైండింగ్ దెబ్బతిన్న ఇగ్నిషన్ కాయిల్ కూడా అచ్చం ఇలాగే చేస్తాది! వేడెక్కితే స్పార్క్ పోద్ది, చల్లారితే వచ్చేస్తాది. కండెన్సర్ (కాయిల్‌కి తోడుగా పనిచేసే చిన్న డబ్బా) కూడా అంతే. తడిగుడ్డ వేసి అరగంట కూర్చుంటే ఏది బాగుపడిందో ఎవడికి తెలుస్తాది, ఆ అరగంటలో కాయిల్ కూడా చల్లారిపోయింది కదా! అందుకే చూడాల్సింది ఆగిన ఆ నిమిషంలోనే, చల్లారనివ్వకుండా. డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ని ఒక్కో ప్లగ్గుకి పంచేది) మూత మధ్యలో దిగే కాయిల్ లీడ్ (లావు వైరు) పీకి, ప్లాస్టిక్ పిడి ఉన్న ప్లయర్‌తో పట్టుకుని బ్లాక్‌కి ఐదారు మిల్లీమీటర్ల దూరంలో ఉంచి ఇంకొకళ్లని సెల్ఫ్ కొట్టమనండి (దగ్గర్లో పెట్రోల్ కారుతుంటే మాత్రం ఈ పని పెట్టుకోవద్దు). స్పార్క్ టపటపమని నీలంగా పడితే కాయిల్ బాగున్నట్టే. పసుప్పచ్చగా నీరసంగా పడినా అసలు పడకపోయినా పంపు మీద గుడ్డలెందుకింక?

స్పార్క్ బాగుందంటే అప్పుడు పెట్రోల్ వైపు రండి. ముందు ట్యాంకు మూత తీసి చూడండి, గాలి లోపలికి బుస్సుమని పీల్చిందంటే మూతకుండే గాలి రంధ్రం మూసుకుపోయిందని అర్థం, ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడి పంపు లాగలేకపోతుంది. రూపాయి ఖర్చులేని రోగం, దీనికి కూడా కార్బురేటర్లు మార్చిన మహానుభావులు ఉన్నారు.

ఇంక డిస్ట్రిబ్యూటర్. నా లెక్కలో ఈ బండి రోగాల్లో సగానికి పైగా ఆ చిన్న మూత కిందే కాపురం ఉంటాయి. ఇంజిన్ మూడువేల ఆర్‌పీఎం మీద తిరుగుతుంటే లోపల పాయింట్లు (కాయిల్‌కి కరెంటు ఇస్తూ ఆపుతూ స్పార్క్ పుట్టించే స్విచ్చు) నిమిషానికి ఆరువేల సార్లు, అంటే సెకనుకి వంద సార్లు తెరుచుకుని మూసుకోవాలి. గ్యాప్ 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే 0.38 మిల్లీమీటర్. పాయింటుకుండే ఫైబర్ మడమ (తిరిగే క్యామ్‌కి రాసుకునే భాగం) అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతాది, టైమింగ్ లేటవుతాది, పికప్ పోతాది, మనమేమో "బండి ముసలిదైపోయింది" అనేసుకుంటాం. కండెన్సర్ పోతే పాయింట్ల దగ్గర పెద్దపెద్ద స్పార్కులు, ప్లగ్గు దగ్గర మాత్రం నీరసం, కొత్త పాయింట్లు వేసినా నాల్రోజుల్లో నల్లగా కాలిపోతాయి. ఇప్పుడు మార్కెట్లో దొరికే కొత్త కండెన్సర్ల సంగతి చెప్పక్కర్లేదు, కొన్ని డబ్బాలోంచి తీసినప్పుడే చచ్చి ఉంటాయి, అందుకే కొత్తది వేశాం కదా అని దాన్ని అనుమానితుల లిస్టులోంచి తీసెయ్యొద్దు.

అన్నిట్లోకీ దొంగది ఇంకోటుంది, పాయింట్లకి వెళ్లే చిన్న వైరు. వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజిన్ వాక్యూమ్‌తో స్పార్క్ టైముని ముందుకు జరిపేది) లాగినప్పుడల్లా పాయింట్లు కూర్చున్న ప్లేటు అటూఇటూ కదులుతాది, దాంతోపాటు ఈ వైరూ వంగుతా ఉంటాది, ఏళ్ల తరబడి వంగీ వంగీ లోపల రాగి పోగులు తెగిపోతాయి, పైన తొడుగు మాత్రం నిక్షేపంలా ఉంటాది. స్లోలో బండి బ్రహ్మాండం, యాక్సిలరేటర్ తొక్కగానే ఠప్ ఠప్. లక్షణం చూస్తే ఎవడైనా కార్బురేటరే అంటాడు. ఈ వైరుని వేళ్లతో మెల్లగా లాగి చూడమని నాకు చెప్పినాయన సాలూరు లారీల మీద జుట్టు తెల్లబడిన మేస్త్రి. తెగినదైతే రబ్బరులా సాగుతాది.

మిస్సింగ్ ఒక సిలిండర్లోనా నాలుగింట్లోనా అన్నది కూడా చూడాలి కదా, అదీ చూడరు. స్లోలో ఉంచి ఒక్కో ప్లగ్గు లీడ్ పీకండి, పీకినప్పుడు ఇంజిన్ శబ్దం పడిపోతే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు, ఏ తేడా రాకపోతే అదే చచ్చిన సిలిండర్. ప్లగ్గు మారిస్తే సరిపోవచ్చు, లీడ్ కావచ్చు, టాపెట్ (వాల్వుని నొక్కి తెరిచే భాగం) మరీ టైటుగా ఉండి వాల్వు కాలిపోయి ఉండొచ్చు. పక్కపక్కనున్న రెండూ చచ్చిపోతే హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ల పైన హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) మీద అనుమానం పెట్టుకోండి. వానాకాలంలో మిస్సింగయితే రాత్రి ఇంజిన్ నడుస్తుండగా లైట్లార్పి బానెట్ ఎత్తి చూడండి, మూత మీదా లీడ్‌ల మీదా నీలం మెరుపులు పాకుతూ కనపడితే కరెంటు అక్కడే లీకవుతున్నట్టు, స్కానర్లూ వద్దు ఏమీ వద్దు.

ఇప్పుడు కొత్త ఫ్యాషనొకటి, అన్నిటికీ ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలే కారణం అనడం. నాకూ కోపమే, ఇథనాల్ పాత రబ్బరు పైపుల్నీ పంపులోని డయాఫ్రం పొరనీ పాడుచేస్తాది, ట్యాంకులో ఏళ్లనాటి మడ్డిని కదిపి ఫిల్టర్లోకి తెస్తాది, బండి నెలలు కదలకపోతే తేమ పీలుస్తాది. పైపులూ డయాఫ్రమూ ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించాలి, మిక్స్చర్ కాస్త రిచ్ (గాలికి పెట్రోల్ పాళ్లు ఎక్కువ) చేయించాలి. అంతేగానీ డిస్ట్రిబ్యూటర్లో వైరు తెగింది ఈ20 వల్ల కాదుగా.

మెకానిక్కులనే తిడుతున్నా అనుకోకండి, తప్పు మనదే ఎక్కువ. గంటసేపు ఒక్కోటీ చూసుకుంటూ వచ్చి చివరికి జానెడు వైరు మార్చి ఐదొందలు అడిగితే "ఈమాత్రం దానికి ఐదొందలా?" అంటాం. అదే కార్బురేటర్ మొత్తం విప్పి, బల్ల మీద పరిచి, చేతులు నల్లగా చేసుకుంటే అడిగినంతా ఇచ్చి టీ కూడా తాగిస్తాం. ఇంక వాళ్లు విప్పకేం చేస్తారు? ఆ సాలూరు మేస్త్రి పద్ధతే నాకు నచ్చుతాది, "చూడ్డానికి డబ్బులు వేరే, చెయ్యడానికి వేరే బాబు, ఇష్టమైతేనే బానెట్ ఎత్తు" అని ముందే చెప్పేస్తాడు.

పాయింట్ల బాధ పడలేక ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ పెట్టించేద్దామా అని చాలామంది అడుగుతారు. పెట్టించుకోండి, మంచిదే, గ్యాప్ గొడవుండదు. కానీ తీసేసిన ప్లేటూ పాయింట్లూ కండెన్సరూ ఇనప్సామాన్లవాడికి ఇచ్చేయకండి, ఓ డబ్బాలో పెట్టి డిక్కీలో పడేయండి. ఘాట్ మధ్యలో ఆ కిట్ పోతే దాన్ని బాగుచేసేవాడు దొరకడు, పాయింట్లయితే గరుకు కాగితంతో రుద్దుకుని ఇంటికొచ్చేయొచ్చు.