‘సైజును బట్టి’ గారికి పాలమూరు నుంచి ఒక లేఖ

బొంబాయి ఫోర్టు దిక్కు పేరుమోసిన పాత చాపల హోటళ్లల్ల, మెనూ కార్డు మీద రేటు ఉండాల్సిన గడిల కాలు మీద కాలేసుకొని కూసున్న శ్రీ ‘సైజును బట్టి’ గారికి,

పాలమూరు చాపల తిండిపోతులు దండం పెట్టి రాసేది.

మీ కార్డుల కొబ్బరిపాలు, కోకం కలిపి చేసే సోల్‌కఢీకి రేటున్నది. నీర్ దోసెకున్నది. ఉత్త తెల్లన్నానికి సుత ఉన్నది. చందువకు, సుర్మయికి (అంటే వంజరానికి), ఎండ్రకాయకు వచ్చేసరికి మాత్రం అంకె మాయమై మీరు ప్రత్యక్షమైతరు. ధైర్యం చేసి రేటు అడిగితే వెయిటర్ మన చెప్పుల దిక్కు చూస్తడు.

ఎండ్రకాయ దర్శనం సంగతే చూడుండ్రి. కాళ్లు సుతిలితో కట్టి పళ్లెంల పెట్టి బల్ల కాడికి తెస్తరు. అందరు ఫోన్లు తీస్తరు. ‘చలేగా సాబ్?’ అంటడు. సాబ్ తల ఊపుతడు. అయిపాయె! కాంటా ఏడున్నది, ముల్లు ఏడ ఆగింది, తడి సుతిలి బరువు ఎవరి ఖాతాల పడ్డది – అడిగెటోడు లేడు. కిలో ఎండ్రకాయల తినే కండ పావు వంతు నుంచి మూడో వంతు దాకనే ఉంటది, మిగిలింది పెంకు. అది గుడ పెంకు విడిచి కొత్త పెంకు కట్టుకుంటున్నదైతే లోపల నీళ్లే. తెలుసుకునుడు అల్కనే: తిరగేసి పొట్ట కింది పెంకును బొటనవేలితో నొక్కాలె. వంగితే వద్దనాలె, రాయి తీరు గట్టిగుంటే సరే అనాలె. కాని ఫోటో దిగుడే తప్ప నొక్కి చూసుడు మీ హోటల్ల మర్యాద కాదాయె.

మా దిక్కు చాపల అంగడికి ఎన్నడన్న రాండ్రి. జూరాల బొచ్చె అయినా, చెరువు కొర్రమీను అయినా ముందు మొప్ప లేపి ఎరుపు చూస్తరు, వేలితో ఒత్తితే గుంట పడి మళ్లీ లేస్తదా చూస్తరు. తర్వాత కాంటా, తర్వాత రేటు, అన్నిటికన్న ఆఖరుకు కత్తి. కోసినందుకు పైసలు వేరే. కిలో బొచ్చెల పొలుసు, మొప్పలు, పేగులు పోతే ముప్పావు కిలో అటుఇటు చేతికొస్తదని, తలతో ఉన్న రొయ్యలు ఒలిస్తే దగ్గర దగ్గర సగమే మిగులుతయని తెలిసే కొంటరు. మీ బిల్లుల తూకం ఒలవక ముందుదా, ఒలిచినంకదా? గా ఒక్క ముక్క రాసిన కార్డు ఉంటే చూపెట్టుండ్రి.

‘సముద్రం రోజుకో తీరు ఉంటది, సైజు ముందుగాల ఎట్ల చెప్తం’ అని మీ తరఫు వకీళ్లు అంటరు. మరి మిరుగం, అంటే మృగశిర కార్తె నాటి సంగతేంది? పడమటి తీరంల జూన్ 1 నుంచి జూలై 31 దాక మరపడవలు వేటకు పోవద్దని సర్కారు నిషేధం. చాపలు గుడ్లు పెట్టి పెరగాలె కద. మిరుగం వచ్చేది జూన్ 7, 8 తారీఖులల్ల. మా దిక్కు ఇంటింట చాపల పులుసు ఉడికే నాడు, మీ పళ్లెంల చందువ చానసార్లు గడ్డకట్టిన పెట్టెలకెల్లి దిగి వచ్చిందే. అందుల తప్పేం లేదు. మైనస్ 18 డిగ్రీల కాడ ఉంచి, రాత్రంత ఫ్రిజ్‌ల మెల్లగ కరిగిస్తే చాప మంచిగనే ఉంటది. ఆగమాగం నీళ్లల్ల ముంచి కరిగిస్తేనే కండ పిసపిసలాడి పెనం మీద విరిగిపోతది. అప్పుడు రవ్వ దట్టంగ అద్ది, వెన్న, వెల్లుల్లి, మిరియాలు పోసి కప్పెట్టాల్సి వస్తది.

కాని గడ్డకట్టిన చందువను పెట్టెల పెట్టేటప్పుడే గ్రాముల లెక్కన వేరు చేస్తరు సారూ. ఏ పెట్టెల ఎంత సైజుదో మీ వంటింటికి ఎరుకే. ఎరుక లేనిది తినెటోనికే. ఇగ సముద్రం మీద నెపమెందుకు?

మీ హోటళ్ల వెనకటి ముచ్చట గుడ యాదికి చేస్తం. ఫోర్టుల మంగళూరోళ్ల లంచ్ హోమ్‌లు ఆఫీసు నౌకర్లు చేసుకునెటోళ్ల ఆకలి మీద నడిచినయి. చాప పులుసు, అన్నం, ముందే తెలిసిన రేటు. అప్పుడు గోడకు క్రికెటోళ్ల ఫోటోలు లేకుండె, మీరూ లేకుండె. బొంబాయి బస్సెక్కి పోయి ఆ నగరంల మేడలు కట్టిన మా పాలమూరు కూలోళ్లు మీ తలుపు దాటకపోవుడుకు మీరు గుడ ఒక కారణమే.

మా డిమాండ్లు పెద్దగ లేవు. కార్డు మీద వంద గ్రాములకు ఇంత అని రాయుండ్రి, పచ్చి చాప తూకమని చెప్పుండ్రి. కాంటాను బల్ల కాడికి తేండ్రి; ఎండ్రకాయను తెచ్చిన చెయ్యే కాంటాను గుడ తెస్తది. పొయ్యి మీద పెట్టకముందే మొత్తం ఎంతనో కాగితం మీద రాసియ్యుండ్రి. ఆ మొత్తం మీద 5 శాతం జీఎస్టీ ఇస్తం, దానికి కిరికిరి లేదు.

అప్పటిదాక మేం రేటు రాసున్న చాప పులుసు అన్నమే తెప్పించుకుంటం. సోంపు మాత్రం రెండు చెంచాలు తీసుకుంటం. దానికింక మీరు తగలలే.

ఇట్లు,
కాంటా చూడంది కత్తి పెట్టనియ్యని పాలమూరోళ్లు